కుడితి తొట్లో బాలామృతం

అమ్మమ్మ సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక, కాస్త నడిచొస్తానని పెరటి వైపు వెళ్ళిన మామయ్య అయిదు నిమిషాల్లోనే తిరిగొచ్చాడు. పక్క దొడ్లో బర్రెకి కుడితి పెడుతున్నారట. పొట్లం చింపి తొట్లో ఏదో పొడి పోస్తుంటే చూశాడట. పొట్లం మీద ‘బాలామృతం’ అని ఉంది. ఏడో నెల నుంచి మూడేళ్ళలోపు పిల్లల కోసం అంగన్‌వాడీ వాళ్ళు నెలకి రెండున్నర కిలోలు ఇంటికిచ్చే పిండి అది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె.

మా అమ్మమ్మ ఊరు పల్నాడులో, నరసరావుపేటకు పది పన్నెండు మైళ్ళు. మిరపకోతల కాలం. మామయ్య ఖజానా శాఖలో 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. పిన్ని ఆయన ఆఖరి చెల్లెలు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా చేరి సూపర్‌వైజరుగానే రిటైరైంది. సర్కారు డబ్బు బయటికెళ్ళే తలుపు దగ్గర ఆయన, అది చేరాల్సిన గుమ్మం దగ్గర ఆవిడ. ఆ మధ్యాహ్నం అరుగు మీద మొదలైన మాట పొద్దు వాలేదాకా తెగలేదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను. నాకు పక్షం లేదని చెప్పను.

మామయ్య: ఇదమ్మాయ్ మీ శాఖ. సగం ఢిల్లీ డబ్బు, సగం రాష్ట్రం డబ్బు పెట్టి పసిపిల్లలకని కొన్న పిండి బర్రె తాగుతోంది.

పిన్ని: ఏ ఇంట్లో? ఆ నీలం గేటు ఇల్లేగా? వాళ్ళ కోడలికి ఏడాదిన్నర బిడ్డ. ఆ కోడలు కనపడిందా నీకు?

మామయ్య: లేదు. ముసలామె ఉంది.

పిన్ని: కోడలు తెల్లారి ఆరింటికి ఆటో ఎక్కి కోతకి పోతుంది. సాయంత్రం అయిదున్నరకి దిగుతుంది. పగలంతా బిడ్డ ముసలామె చేతిలో. ఆమెకి కళ్ళు సరిగా ఆనవు. ఆ పిండి ఎంత వెయ్యాలి, ఎంత చిక్కగా కలపాలి, రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి, పిల్లాడు మొహం తిప్పేసుకుంటే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఆమెకి ఎవరన్నా చెప్పారంటావా?

మామయ్య: చెప్పాల్సింది మీవాళ్ళేగా.

పిన్ని: మావాళ్ళే. ఎందుకు చెప్పలేకపోతున్నారో అది చెప్పబోతే నువ్వు వినవు.

మామయ్య: వింటా. ముందు నా మాట విను. పిండి కొనడానికి టెండరు, మొయ్యడానికి లారీ, దించడానికి గోడౌను, పంచడానికి సెంటరు, రాయడానికి రిజిస్టరు, ఆ రిజిస్టరు చూడ్డానికి నువ్వు, నిన్ను చూడ్డానికి సీడీపీవో. ఇన్ని చేతులు మారి చివరికి తొట్లో పడింది. ఆ డబ్బేదో ఆ కోడలి ఖాతాలో వెయ్యండి. పాలు కొంటుందో, గుడ్లు కొంటుందో ఆమె ఇష్టం. నేను ఇన్నేళ్ళు పద్దులు చూశా. దారిలో అరగకుండా చేరేది ఖాతాలో పడే డబ్బొక్కటే. బిడ్డకేం కావాలో కన్నతల్లికంటే మీ సెక్టారు మీటింగుకి ఎక్కువ తెలుసా? పేదింటి ఆడదానికి లెక్క రాదనుకోవడం మీ శాఖకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఈ చివరి మాట నాకు గట్టిగా తగిలింది. ‘లబ్ధిదారు’ అనే మాటలోనే ఆ జబ్బుంది. పాలు తాగే పిల్లాణ్ణి లబ్ధిదారు అని రాసిన కాయితం మీద, వాడి తల్లి ఎవరి గుమ్మం ముందో చెయ్యి చాపి నిలబడ్డ మనిషిలాగే కనిపిస్తుంది. పిన్ని కూడా వెంటనే ఖండించలేదు.

పిన్ని: ఆ జబ్బుంది. చాలా ఇళ్ళలో నేనూ ఆ జబ్బుతోనే మాట్లాడాను. సరే, నీ ఖాతా దగ్గరికే వద్దాం. మన రాష్ట్రంలో తల్లి ఖాతాలో పడే పెద్ద డబ్బేది?

మామయ్య: తల్లికి వందనం. అంతకుముందు అమ్మఒడి. 2025 జూన్‌లో 67 లక్షల పైచిలుకు పిల్లల పేరున వేశారు. తలకి 15 వేలు, అందులో బడి నిర్వహణకని 2 వేలు పక్కన పెట్టి 13 వేలు చేతికి. 8,745 కోట్లు.

పిన్ని: ఏ తరగతి నుంచి?

మామయ్య: ఒకటి నుంచి ఇంటరు దాకా.

పిన్ని: ఒకటో తరగతి. అంటే పుట్టిన రోజు నుంచి అయిదేళ్ళు నిండేదాకా ఆ బిడ్డ పేరు ఆ జాబితాలో లేదు. నేను ఆ పథకాన్ని తప్పు పట్టట్లా. ఆ డబ్బుతో ఫీజు కట్టినవాళ్ళని చూశా, అప్పు తీర్చినవాళ్ళని చూశా, రెండూ అవసరాలే. కానీ పిల్లాడు ఒకటో తరగతి బెంచీ మీద కూర్చునేసరికి వాడి ఒళ్ళు ఎంతవరకు పెరగాలో, బుర్ర ఎంతవరకు కుదరాలో చాలా మటుకు తేలిపోయుంటుంది. ఆ ముందు ఏళ్ళకి తల్లికి ఏమిస్తున్నారు? కడుపుతో ఉన్నామెకి కనీసం 6 వేలు ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టంలో రాశారు. ఎన్నో కాన్పు అని చట్టం అడగలేదు. నాలుగేళ్ళ తర్వాత మాతృవందన యోజన వచ్చింది. 5 వేలు, అదీ మొదటి కాన్పుకే. 2022 నుంచి రెండోసారి ఆడపిల్ల పుడితే 6 వేలన్నారు. రెండోసారి మగపిల్లాడు పుడితే ఆ తల్లికి రక్తం అక్కర్లేదా? చట్టం రాసిననాటి 6 వేలు ఇప్పటికీ ఆ 6 వేలే.

మామయ్య: అంటే డబ్బు వద్దనట్లేదు, చాలట్లేదంటున్నావు. నేనన్నదీ అదే.

పిన్ని: డబ్బు వద్దని ఏ ఆడది అంటుందన్నయ్యా? డబ్బిస్తున్నాం కదా, ఇంక సెంటరెందుకంటే మాత్రం ఒప్పుకోను.

మామయ్య: ఉంచితే ఏం వచ్చింది? 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలుపెట్టారు. ఇవాళ దేశంలో 14 లక్షల దగ్గర సెంటర్లు, మన రాష్ట్రంలోనే 55 వేలు, తెలంగాణలో 35 వేలు దాటి. కుటుంబ ఆరోగ్య సర్వే తియ్యి. 2015-16లో మన దగ్గర అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31.4 శాతం. 2019-21లో 31.2. తెలంగాణలో 28 నుంచి 33కి పెరిగింది. రక్తహీనత ఉన్న పసిపిల్లలు మన దగ్గర 63 శాతం, వాళ్ళ దగ్గర 70. ఇన్నేళ్ళు ఇంత పోస్తే కదిలింది పాయింట్ రెండు. ఏ పద్దయినా ఈ ఫలితం చూపిస్తే రెండో ఏడు నేను కోత పెడతా.

పిన్ని: పెట్టారు కూడా. ఆ సంగతి తర్వాత. ఆ అంకెల్ని నేను దాచను. కానీ పిల్లాడి ఎత్తు ఎక్కడ ఆగిపోతుందో చూడు. ఆరు నెలలదాకా తల్లిపాల మీద బాగానే ఎదుగుతాడు. చార్టులో గీత పైకి పోతుంటుంది. ఆరో నెల దాటాక, పళ్ళొచ్చి పాకి నడిచే వయసులో, ఆ గీత వాలుతుంది. రెండేళ్ళు వచ్చేసరికి ఎక్కడో కింద అడ్డంగా పడుకుంటుంది. వేల చార్టుల్లో చూశాను ఆ గీతని. చెయ్యి పెట్టి పైకి లేపాలనిపించేది. మా సెంటరుకి పిల్లాడు వచ్చేది ఎప్పుడు? మూడేళ్ళు నిండాక. మేము రోజూ చూసే పిల్లలది ఒక వయసు, ఎత్తు పోగొట్టుకునే పిల్లలది ఇంకో వయసు. ఆ పసివాళ్ళకి మేమిచ్చేది పొట్లం. ఇంటికి పోయి కూర్చుని, ముసలామె చేతే కలిపించి, పిల్లాడి నోట్లో పెట్టించి, వాడు మింగేదాకా ఉండి వచ్చే మనిషి లేదు.

మామయ్య: టీచరు లేదా? ఆయా లేదా?

పిన్ని: ఉన్నారు. తొమ్మిదింటికి సెంటరు తియ్యాలి. పిల్లల్ని ఇళ్ళ నుంచి పిలుచుకురావడం ఆయా పని, మళ్ళీ వంటా ఆమే. టీచరు పాఠం చెప్పాలి, కడుపుతో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టాలి, బరువులు తియ్యాలి, ఏఎన్‌ఎమ్ వస్తే సూదులకి పిల్లల్ని పోగెయ్యాలి. 2021 నుంచి ఇవన్నీ ఎక్కించడానికి పోషణ్ ట్రాకర్ యాప్. 2025 జూలై నుంచి పొట్లం ఇవ్వాలంటే ఫోన్లో మొహం గుర్తుపట్టాలి. నెట్టు రాకపోతే ఆ తల్లిని వేపచెట్టు కిందికి తీసుకుపోయి ఫోను పైకెత్తి నిలబడుతుంది మా టీచరు. ఓటర్ల జాబితా పనీ చాలా చోట్ల ఆమెకే. ఇదంతా అయ్యాక నాలుగింటికి ఇళ్ళ మీదికి పోతే తల్లి చేల్లో ఉంటుంది. పొట్లాలు లక్షల్లో కొన్నాం. ఆ పొట్లం విప్పి చూపించే గంట మాత్రం ఎవరూ కొనలేదు.

మామయ్య: ఆ గంట కొంటే పిల్లాడు పెరుగుతాడని రుజువేంది?

పిన్ని: రుజువు హైదరాబాదు పక్కనే ఉంది. 1987 నుంచి 90 దాకా రంగారెడ్డి జిల్లాలో 29 పల్లెలు. 15 ఊళ్ళలోకి ఐసీడీఎస్ వచ్చింది, 14 ఊళ్ళకి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళకి, ఆరేళ్ళలోపు పిల్లలకి రోజూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా పెట్టారు. తార్నాకలోని పోషకాహార సంస్థ వాళ్ళు ఆ లెక్క చూశారు. పదిహేనేళ్ళు పోయాక మళ్ళీ ఆ పల్లెలకే పోయి, 13 నుంచి 18 ఏళ్ళ పిల్లల్ని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళవాళ్ళు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు.

మామయ్య: సెంటీమీటరున్నర కూడా లేదు!

పిన్ని: ఎత్తొక్కటే అయితే నేనూ చెప్పేదాన్ని కాదు. ఆ పిల్లల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. చదువులోనూ ముందున్నారని ఆ తర్వాత వచ్చిన కాయితాల్లో రాశారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు పెట్టిన ఉప్మా పదహారేళ్ళ పిల్లాడి గుండె దగ్గర కనిపించిందన్నయ్యా.

నేను ఆ వాక్యాన్ని ఆ రోజే కాయితం మీద రాసుకున్నాను. మన తెలుగు పల్లెల్లో జరిగిన ఈ పని పరదేశాల వైద్యులకి తెలిసినంతగా మనకి తెలియదు. మన శాసనసభల్లో అంగన్‌వాడీ మీద చర్చ జరిగినప్పుడైనా దీన్నెవరైనా చదివి వినిపించాలని నాకు ఉంది.

మామయ్య: ఆ ఊళ్ళని చీటీలు తీసి ఎంచలేదుగా? పథకం ముందొచ్చిన ఊళ్ళు, రాని ఊళ్ళు. ఊరికీ ఊరికీ మధ్య వేరే తేడాలుండవా?

పిన్ని: ఉండొచ్చు. చీటీలు తియ్యలేదు, నిజం.

మామయ్య: పోనీ, ఒప్పుకుందాం. అక్కడ ఉప్మా నిజంగా పిల్లల కడుపులోకి పోయింది. మీ రిజిస్టర్లలో ఉన్న పిల్లలు ఎంతమంది నిజంగా సెంటర్లో ఉన్నారు? ఆ మాట చెప్పు.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. లోపలికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చింది. ఇలాంటి సంగతులు పేపర్లో ఆరోపణలుగా చదివాను గాని, సంతకం పెట్టిన మనిషి నోటి నుంచి వినడం నాకదే మొదలు.

పిన్ని: ఒక సెంటరుకి పోయాను. రిజిస్టర్లో 26 మంది. చాప మీద 11 మంది. సంతకం పెట్టాను. అది ఒక్కసారి కాదు, ఒక్క సెంటరు కాదు. ఎందుకు పెట్టానో చెప్తా, తప్పు కాదని మాత్రం అనను. మూడేళ్ళు నిండగానే ప్రైవేటు బడి బస్సు వీధిలోకి వస్తుంది. ఎల్‌కేజీ. టై కడతారు. తల్లిదండ్రులు అప్పు చేసి పంపుతారు. సెంటరులో తలలు తగ్గుతాయి. తలలు తగ్గితే ఈ సెంటరుని పక్క సెంటరులో కలుపుతామంటారు. కలిపితే ఆ వీధి గర్భిణి, ఆ వీధి చంటిపిల్ల తల్లి మైలు నడవాలి. మీ పద్దు తల లెక్కన వస్తుంది. తలకి రోజుకి ఎంత? 2017లో కేంద్రం పిల్లాడికి 8 రూపాయలని కట్టింది. ఏళ్ళ తరబడి ఆ లెక్క కదల్లేదు. గుడ్డొక్కటే ఆరేడు రూపాయలు. నూనె రెండు నెలలు రాదు, పప్పు వస్తే ఒకేసారి వస్తుంది, గ్యాసు డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. పదకొండు మందికి సరిగ్గా పెట్టాలన్నా ఇరవై ఆరుమందిని రాసుకోవాల్సిన లెక్క అది.

మామయ్య: అమ్ముకున్నవాళ్ళు లేరా?

పిన్ని: ఉన్నారు. ఒకామె గుడ్లు అమ్ముతోందని తెలిసి మెమో ఇచ్చాను. నా ముందు ఏడ్చింది. అయిదు నెలలుగా సెంటరు అద్దె తన చేతి నుంచి కడుతున్నానంది. నేను నమ్మలేదు. ఇంటికి పోయి రసీదులు తెచ్చింది. ఇంటి ఓనరు రాసిచ్చిన చీటీలు, తేదీలతో సహా. అయినా మెమో వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే నన్నూ కలిపి రాస్తారని భయం. ఆమె రిటైరయ్యేదాకా ఆ మెమో ఆమె ఫైల్లోనే ఉంది. రిటైరయ్యాక ఒకసారి చిలకలూరిపేట బస్టాండులో కనపడి నన్ను పలకరించింది కూడా.

ఆ ‘కూడా’ అనేటప్పుడు పిన్ని గొంతు మారింది. మామయ్య వెంటనే వాదన అందుకుంటాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

మామయ్య: ఆ అద్దె బిల్లులు ఎప్పటివి?

పిన్ని: ఎప్పటివైతే ఏం?

మామయ్య: ఆగింది నాలాంటివాడి దగ్గరే కాబట్టి. నెలాఖరుకి ఖజానాలో డబ్బు లేకపోతే పైనుంచి ఆంక్షలొస్తాయి. జీతాలు, పింఛన్లు ముందు. ఆ తర్వాత ఎవరి బిల్లుకి ఫోనొస్తే వాళ్ళది. సెంటరు అద్దెకి ఫోను చేసేవాళ్ళెవరు? వెయ్యి, రెండు వేల బిల్లులు. టోకెను వేసి కట్టకట్టి పక్కన పెట్టేవాణ్ణి. మార్చి 31 దాటితే లాప్స్. ఏప్రిల్లో మళ్ళీ మొదటి నుంచి రాసుకు రావాలి. చిన్న బిల్లు కదా, వాళ్ళే సర్దుకుంటారులే అనుకునేవాళ్ళం. మీవాళ్ళ గౌరవ వేతనం కూడా జీతాల పద్దు కింద రాదు. అందుకే అదీ ఆగేది.

పిన్ని: నీకు తెలిసే ఆగేదన్నమాట.

మామయ్య: నాకు కాయితం తెలుసు. చీటీలు తెచ్చి చూపించినామె తెలియదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మామయ్య తనకి బాగా తెలిసిన దారిలోకి వెళ్ళాడు. ఈ భాగం కొంచెం ఎండుగా ఉంటుంది గాని, దీన్ని దాటేస్తే పసిపిల్లల డబ్బు ఎక్కడ తగ్గిందో అర్థం కాదు.

మామయ్య: మమ్మల్ని ఒక్కళ్ళనే అనకు. 2015లో 14వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతం చేసింది. మంచిదేనని చప్పట్లు కొట్టాం. ఆ ఏడే బడ్జెట్‌లో ఐసీడీఎస్‌కి కేంద్రం కేటాయింపు 18 వేల కోట్ల పైనుంచి 8 వేల కోట్ల పైకి పడిపోయింది. మీకు ఎక్కువిచ్చాం, మీరే పెట్టుకోండని లెక్క. ఆ శాఖ మంత్రి మేనకా గాంధీయే ఈ డబ్బు చాలదని బయటికి చెప్పింది. తర్వాత అనుబంధ పద్దుల్లో కొంత కలిపారు. కానీ వాటాలు మారిపోయాయి. పోషకాహారం కాక మిగతా ఖర్చులో కేంద్రం 90 ఇచ్చేది, 60 అయింది. 2017 చివర్లో మీ సూపర్‌వైజర్ల జీతాల్లో వాళ్ళ వాటా 25 చేశారు. చేతికొచ్చిన డబ్బులో ఇదింత పసిపిల్లలకని రాష్ట్రం మీద పట్టు లేదు. రోడ్డు ఉంది, రుణమాఫీ ఉంది, కరెంటు ఉంది, అన్నీ గొంతున్న పద్దులు. ఏడాదిన్నర పిల్లాడు సెక్రటేరియట్ ముందు కూర్చోలేడు.

పిన్ని: ఆ పిల్లాడి బదులు మావాళ్ళు కూర్చున్నారుగా. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు. చలిలో, టెంట్ల కింద. ఎస్మా పెట్టారు. ఎస్మా అంటే ఏంది? అత్యవసర సేవ అని. ఆపినప్పుడు అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ. 2019 నుంచి ఇక్కడ టీచరుకి 11,500, ఆయాకి 7,000. అందులో కేంద్రం లెక్క కట్టేది టీచరుకి 4,500 మీదే. అదీ 2018 నాటి లెక్క.

మామయ్య: న్యాయం నీ వైపే ఉందనుకో. మన రాష్ట్రంలో టీచర్లు, ఆయాలు కలిపి లక్ష మంది. వాళ్ళని ఉద్యోగులని ఒక్క జీవో ఇస్తే పేస్కేలు, డీఏ, పింఛను. ఏ ఆర్థిక మంత్రయినా గడగడలాడతాడు. అది సివిల్ పోస్టు కాదని సుప్రీంకోర్టే 2006లో చెప్పింది.

పిన్ని: అదే కోర్టు 2022లో గ్రాట్యుటీ ఇవ్వాలంది. ఇద్దరం కోర్టుల్ని పక్కన పెడదాం. నీకు లెక్క ఇష్టం కదా, ఒక లెక్క వెయ్యి. 2025-26లో కేంద్రం బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది. అందులో అంగన్‌వాడీలకి పెట్టే ‘సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0’ పథకానికి 21,960 కోట్లు. రూపాయిలో ఎంత?

మామయ్య వేళ్ళ మీద సున్నాలు లెక్కపెట్టాడు.

మామయ్య: అర పైసా కూడా రాదు. కానీ రాష్ట్రాల వాటా కలపలేదు నువ్వు.

పిన్ని: కలుపు. అయినా చూడు, దేశం మొత్తం పసిపిల్లలకి కేంద్రం పెట్టేదాంట్లో అయిదింట రెండొంతులంత డబ్బు మన ఒక్క రాష్ట్రంలో ఒక్క పథకానికి ఒక్క జూన్‌లో వేశాం. అంటే డబ్బు లేదన్న మాట కాదు. కనపడే పిల్లలకి ఉంది. బడికి పోయే పిల్లాడు కనపడతాడు, వాడి తల్లికి ఖాతా ఉంది, సెల్లుకి మెసేజీ వస్తుంది. పాకే పిల్లాడికి కావాల్సింది మనిషి. మనిషికి జీతమివ్వాలంటే మెసేజీ పెట్టడానికేమీ ఉండదు.

మామయ్య: నా మాట మీద నేనున్నా. ఆ మనిషిని తల్లే పెట్టుకోవచ్చు, చేతిలో డబ్బుంటే.

పిన్ని: మాదాపూర్‌లో మన పెద్దపాప పిల్లాణ్ణి డేకేర్‌లో వేసింది. నెలకెంత?

మామయ్య: పదహారు వేలు.

పిన్ని: ఎన్నింటి నుంచి?

మామయ్య: పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు. డబ్బా వాళ్ళే పెడతారు.

పిన్ని: ఒక్క పిల్లాడికి పదహారు వేలు. మా టీచరు ఊళ్ళో వీధి మొత్తాన్ని చూసుకుంటే 11,500. సరే, ఆ పదహారు వేలు నీలం గేటు కోడలి ఖాతాలో వేశాం అనుకో. ఈ ఊళ్ళో డేకేర్ ఎక్కడుంది? పాప దగ్గర డబ్బూ ఉంది, వీధి చివర డేకేరూ ఉంది. రెండూ ఉంటేనే గదా ఆమె ఆఫీసుకి పోగలిగింది. ఫ్యాక్టరీలో 30 మందికి మించి ఆడవాళ్ళుంటే పిల్లల గది పెట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. మిరప చేనుకి ఏ చట్టమూ లేదు. పాల్నా అని కేంద్రం పథకం ఒకటుంది, అంగన్‌వాడీలోనే క్రెష్. దేశం మొత్తానికి 17 వేలు అనుకున్నారు. 14 లక్షల సెంటర్లలో 17 వేలు.

మామయ్య దానికి జవాబు చెప్పబోతుండగా వీధిలో ఆటో ఆగింది. వెనకా ముందూ కిక్కిరిసి ఆడవాళ్ళు. తలకి గుడ్డలు, మోచేతులదాకా పాత చొక్కాల చేతులు. అరుగు దాకా మిరపఘాటు కొట్టి మామయ్య తుమ్మాడు. నీలం గేటు దగ్గర ముసలామె చంకలో పిల్లాడు తల్లిని చూసి రెండు చేతులూ చాపాడు. తల్లి ఎత్తుకోలేదు. వాణ్ణి దాటి లోపలికి పోయింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. చేతులు మజ్జిగతో రుద్ది కడుక్కుని, చీర మార్చుకుని వచ్చాకే వాణ్ణి తీసుకుంది. కోతకి పోయిన చేతులతో పసివాణ్ణి తాకితే ఒళ్ళు మండుతుంది.

పిన్ని గోడ దగ్గరికి పోయి ఆ అమ్మాయిని పిలిచింది. పొట్లం సంగతి అడిగింది. కోప్పడినట్టు కాదు.

‘‘పోయిన నెలదమ్మా. మా అత్త విప్పి మూత పెట్టకుండా వదిలేసింది. ముక్క వాసనొచ్చింది, పురుగు కూడా పట్టింది. పిల్లోడికి పెట్టాలంటే భయమేసి బర్రెకి పోయమన్నా. ఉగ్గు కలపడం ఆమెకి చేతకాదు. నేను రాత్రి కలిపి పెడితే రెండు ముద్దలు తిని నిద్రపోతాడు.’’

మామయ్య కూడా గోడ దాకా వచ్చాడు. ‘‘ఏమ్మా, సర్కారు ఈ పిండి మానేసి నెలకింత అని నీ ఖాతాలో వేస్తే మేలా?’’ అని అడిగాడు.

‘‘ఏస్తే వద్దంటామా బాబాయ్? కాకపోతే,’’ అని ఆ అమ్మాయి పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. ‘‘సెంటరు తొమ్మిదికి తీస్తారు. మూడేళ్ళు రాందే తీసుకోరు. ఆటో ఆరింటికి. ఆరింటికే పిల్లోణ్ణి పెట్టుకుని, వేళకింత పెట్టేవాళ్ళు ఈ వీధిలో ఉంటే నాకు చేల్లో మనసు నిలబడుద్ది. నాదొక్కదాని సంగతే కాదు.’’

‘‘మీ ఆటోలో చంటిపిల్లల తల్లులు ఎంతమంది?’’

ఆమె పేర్లు చెప్పుకుంటూ లెక్కపెట్టింది. తొమ్మిది.

మామయ్య అరుగు మీదికి వచ్చి చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. సంవత్సరీకం సరుకుల చీటీ వెనక్కి తిప్పి, తొమ్మిది అని వేసి చుట్టూ గీశాడు. ఇద్దరు మనుషులు, ఒక గది అద్దె, పాలు, గుడ్లు, గ్యాసు అని కిందకి రాసుకుంటూ పోయి, మనుషుల దగ్గర ఆగి పిన్ని వైపు చూశాడు.

‘‘ఎంత వెయ్యను, పదకొండున్నరేనా?’’

‘‘అది వద్దు,’’ అంది పిన్ని, ఆయన పక్కన కూర్చుంటూ. ‘‘మన పిల్లాణ్ణి పెంచేవాళ్ళకి ఎంతిస్తావో అది వెయ్యన్నయ్యా.’’